కాగితం వంకరగా ఉంది

రాత్రి పదకొండున్నర. షార్జా, పదో ఇండస్ట్రియల్ ఏరియా,
టైర్ల గోదాం ఎనుక మా ప్రింటింగ్ షాపు.
ముప్పయ్యారంగుళాల రోల్ ఎక్కించి నీలం మీట దించితే
మూడోసారి గూడ అదే మాట:
ప్లీజ్, కాగితం వంకరగా ఉంది, మళ్ళీ పెట్టండి.

పొద్దటి సంది నాతోని
ప్లీజ్ అన్నది ఇదొక్కటే.

షంసుద్దీన్ భాయ్ సెలవు మీద తిరూరు పోయిండు.
ఫోన్ల చెప్తడు: అంచు తిన్నగ కొయ్యి.
కోసిన.
సెన్సార్ తుడువు.
కండ్లద్దాల గుడ్డతోని తుడిచిన,
మొన్నటి దుమ్ముగాలి ఇంకా అందులనే కూసున్నది.
బందు పెట్టి, పది లెక్కవెట్టి, మళ్ళ చాలు చెయ్యి.
వంద లెక్కవెట్టిన.

ఆగస్టు నెల. తొమ్మిదింటికే ఓనరు ఏసీ బందు పెట్టిస్తడు.
ఉక్కకు కాగితం ఉబ్బుతది.
ఆ ముచ్చట మిషనుకు ఎరుకే,
ఓనరుకే ఎరుక లేదు.

సిరిసిల్లల మా మేనమామ
సాంచా మీదికి భీము ఎక్కించేటప్పుడు
కొలబద్ద ముట్టకపోయేది.
రెండు బొటనేళ్ళు రెండంచుల మీద వెట్టి
కండ్లు మూసేటోడు.
"కన్ను మోసం జేస్తదిర, పోగు జెయ్యది."
అప్పుడు నవ్విన. కండెలు చుట్టే పోరణ్ణి, నాకేం తెలుసు.

ఇప్పుడు నేను గూడ మూసిన.
కుడి ఏలి కింద కాగితం సాఫుగ ఉన్నది.
ఎడమ దిక్కు
ఎంట్రుకంత ఎత్తు.

మూత తీసి, సెల్ లైటు పండ్ల నడుమ వట్టుకొని
పట్టకారు లోపలికి దింపితే
రోలర్ సందుల కెల్లి వచ్చింది
గోరంత ముక్క. ఏ నెలదో, ఏ బిల్డింగుదో.
దాని మీద పావు సున్నా గీత.
ఐదేండ్ల సంది ఇదే పని, గుర్తువట్టిన:
నక్షాలల్ల తలుపును అట్లనే గీస్తరు,
తెరుసుకునే తొవ్వ సూపించుకుంట.
గోడ లేదు, అర్ర లేదు.
ఉత్త తలుపు.

నాలుగోసారి మిషను కిక్కురుమనలేదు.
పొద్దుగాల ఏడింటికి బల్దియాకు పోవాల్సిన నక్షాలు
ఒక్కొక్కటే గంపలకు జారుతున్నయి:
సజ్జాల కట్టబోయే లేబర్ క్యాంపు,
అర్రకు ఎనిమిది మంచాలు,
మంచమంటే చింతగింజంత డబ్బ.
లెక్కవెట్టుడు నాకు అలవాటు. నూట తొంభై రెండు.

పదమూడో అర్ర కాడ చెయ్యి ఆగింది.
పావు సున్నా గీత
మొదటి మంచం మూలను కోసుకుంట పోతున్నది.
తలుపు సగమే తెరుసుకుంటది.
ఆ మంచం మీద పండేటోనికి
వచ్చేటోడు, పోయేటోడు, నైట్ డ్యూటీ దిగేటోడు,
అందరూ తలకాయకే తగుల్తరు.

ఎంట్రుకంత వంకరకు మూడుసార్లు మొత్తుకున్న మిషను
దీన్ని సప్పుడు లేకుంట అచ్చేసింది.

నేను ఇంజినీరును గాను. నా పని కాగితం వెట్టుడు.

బయట గుల్ జరీన్ వ్యాన్ హారన్ కొడుతున్నడు.
నక్షాలు చుట్టి రబ్బరు ఏసినంక
మళ్ళ ఇప్పిన.
పసుపు చీటీ మీద, తెలిసిన నాలుగు ఇంగ్లీషు ముక్కలల్ల,
తలుపు మంచానికి తాకుతదని రాసి
అంటించిన.
ముందుగాల ప్లీజ్ అని పెట్టిన,
మిషను పెట్టినట్టే.