ప్రశ్న ఉదయించదు

జవాబులు రాసేది నేను.
చదివేది మంత్రిగారు.
పదహారేళ్లుగా ఇదే కొలువు, తరావాలో,
అటు సముద్రం ఇటు మడుగు
నడుమ రోడ్డంత వెడల్పు నేల మీద.

ఆ రోజు ముప్పై నాలుగో ప్రశ్న,
తూర్పు కొస దీవి సభ్యుడు నబూటిది:
(అ) మా సహకార సంఘంలో ఎండు కొబ్బరి తూచే కాటా
యాభై కిలోల బస్తాకి నాలుగు కిలోలు
తక్కువ చూపుతున్న మాట వాస్తవమేనా?
(ఆ) అయినచో, ఎప్పటినుంచి?
(ఇ) పోయిన సొమ్ము ఎవరిస్తారు?

నేను రాసిచ్చింది రెండే వాక్యాలు:
(అ) లేదండి, అట్టి ఫిర్యాదేదీ ప్రభుత్వ దృష్టికి రాలేదు.
(ఆ), (ఇ) ప్రశ్న ఉదయించదు.

నాకిష్టమైన మాట అది.
తలుపు చప్పుడు కాకుండా మూసినట్టు ఉంటుంది.

మంత్రిగారు కళ్లజోడు సర్దుకుని చదివారు.
పంకాలు తిరుగుతున్నాయి.
నబూటి అనుబంధ ప్రశ్నకి లేచాడు,
చొక్కా గుండీ ఒకటి తప్పు కన్నంలో.

"అధ్యక్షా,
ఈ భూమ్మీద కొత్త రోజు
మొట్టమొదట మా ఒడ్డునే దిగుతుంది.
మీరంతా నిన్నటిలో పడుకుని ఉండగానే
మాకు పొద్దు పొడుస్తుంది.
మరి ప్రశ్న ఒక్కటీ ఎందుకు ఉదయించదో
మంత్రిగారు సెలవిస్తారా?"

సభ నవ్వింది. మంత్రిగారూ నవ్వారు.
నేను నవ్వలేదంటే అబద్ధం.

అప్పుడు మొగలాకు సంచిలోంచి
రాయి తీసి బల్ల మీద పెట్టాడు.
పగడపు రాయి, వల తాడు ఒరుసుకున్న గాడితో.

"వస్తు ప్రదర్శన నిబంధనలకు విరుద్ధం" అన్నారు అధ్యక్షులు.
"బయట పెట్టేస్తాను. బరువొక్కటీ చెప్పనివ్వండి.
నెయి మరూయా వల దిగేసే రాయి ఇది.
ఇక్కడ రేవు అంగడిలో పది కిలోలు.
మా కాటా మీద తొమ్మిదీ రెండొందల గ్రాములు.
పదకొండు రోజులు ఓడలో వచ్చిందండీ,
దారిలో రాయి బలిసిందా?"

మంత్రిగారు మా బెంచీ వైపు చూశారు.
చీటీ రాశాను. చేతులు మారి వెళ్లింది.
"తూనికల అధికారి తదుపరి ఓడలో బయలుదేరతారు."
"ఓడ ఎప్పుడు?"
"అది రవాణా మంత్రిగారిని అడగాలి."
రవాణా మంత్రిగారి కుర్చీలో
మడిచిన దినపత్రిక ఉంది.
గంట మోగింది. ముప్పై అయిదో ప్రశ్న, కుక్కల బెడద.

సాయంత్రం అందరూ వెళ్లాక
బల్ల కింది సొరుగు లాగాను.
ఉప్పుగాలికి బిగుసుకుపోయింది, మోకాలు ఆనించి లాగాల్సి వచ్చింది.
మూడు ఉత్తరాలు.
నేను అబద్ధం రాయలేదు.
ఉత్తరాలు సొరుగుకి వచ్చాయి,
దృష్టికి రాలేదు.

చివరిది బడి పుస్తకంలో చింపిన కాగితం:
"చదివేవారికి. మా అమ్మమ్మ నాలుగు బస్తాలు మోసింది.
ఇంటి దగ్గర ఒక లెక్క, సంఘంలో ఒక లెక్క.
తేడా నేను కట్టాను.
తప్పయితే దిద్ది పంపండి."

పెన్సిల్ తీసి కట్టాను.
నాలుగు నాళ్లు పదహారు.
దిద్దడానికేం లేదు.

బయట రాయి ఇంకా మెట్ల దగ్గరే ఉంది.
సందర్శకుల పుస్తకం ఎగిరిపోకుండా
కాపలా అతను దాన్ని పైన పెట్టుకున్నాడు.
"కాస్త ఎత్తి చూడొచ్చా?" అన్నాను.
"ఎందుకమ్మా, నడుం పట్టేస్తుంది."
రెండు చేతులా ఎత్తాను.
మెల్లగా, పెట్టిన చోటే పెట్టాను.

లోపలికొచ్చి కొత్త కాగితం తీశాను.
(అ) అవునండి.

(ఆ) దగ్గర తేదీ కావాలి.
మొదటి ఉత్తరం మీద ఉంది.