మస్తాన్‌వలి బూట్లు

కాంట్రాక్టరు ఇచ్చిన బూట్లు ఏడో నంబరు,
నా పాదం తొమ్మిది.
"వేస్తూ వేస్తూ ఉంటే సాగుతాయిలే" అన్నాడు.
సాగింది దారి.
మిర్చి యార్డు గేటు నుంచి కాటా దాకా మైలయింది.

మడమ మీద బొబ్బ చితికిన రాత్రి
ఘాటు అందులోకీ దూరింది.
టిక్కీల చాటున కూర్చుని
ఏడ్చానో, తుమ్మానో,
గుంటూరులో ఎవరడుగుతారు?

లోపలి అట్ట మీద
నాకు ముందున్న వాచ్‌మన్ అయిదు వేళ్ల గుంటలు.
నా వేళ్లు వాటిలో పట్టవు,
తెల్లార్లూ తగాదా.

నిన్న పాత జీతం బాకీ కోసం వచ్చాడు మస్తాన్‌వలి,
రబ్బరు చెప్పులతో, కుంటుతూ.
నా మొహం చూడలేదు, కాళ్లే చూశాడు.
"ఎడమ దాంట్లో మేకుంది, కొట్టించావా?"

నాలుగు నెలలుగా
అది నా ఎముకే అనుకున్నా.