పోటు వచ్చేదాకా

నా చేతిలో ముప్పై ప్రశ్నలు.
ఒక్కోదానికీ రెండు గళ్ళు: ఒప్పు, తప్పు.
చిలోయే దీవిలో జూన్ వాన
గొడుగుని లెక్కచెయ్యదు, అడ్డంగా కురుస్తుంది.
కాగితాలు ప్లాస్టిక్ సంచిలో, సంచి కోటు లోపల,
నీళ్ళమీద కట్టిన ఇళ్ళ వరసలో
నర్సు చదువుతున్న పిల్లని, తలుపులు కొడుతూ.
స్తంభాల కింద బురద. సముద్రం ఇంకా ఇంటికి రాలేదు.

మొదటి ఇల్లు ఇసోలీనా టీచరుది.
ముప్పైకి ఇరవై ఎనిమిది!
డిమెన్షియా అంటే ఒట్టి మతిమరుపు కాదనీ
వయసుకి పడే వడ్డీ కాదనీ
తడుముకోకుండా చెప్పింది.
పక్కింటి ఎడెల్మీరా మాటెత్తితే మాత్రం
టీ కప్పులోకి చూస్తూ అంది,
"రెండేళ్ళయింది నేను వెళ్ళి.
నన్ను గుర్తుపట్టదు కదా, వెళ్ళి ఏం చెయ్యను?"
దీనికి నా దగ్గర గడి లేదు.

పక్కిల్లు. బల్దొమేరో, పడవలు చేసే వడ్రంగి.
గోళ్ళ సందుల్లో ఇంకా తారు.

ఈ జబ్బు ఎందుకొస్తుంది?
"వేడి పొయ్యి దగ్గర తల ఆరబెట్టుకుని
వెంటనే వానలోకి పోయింది. చలి తలకెక్కింది."
తప్పు.
ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందా?
"అంటుకుంది. ఏడాదిగా నాకూ నిద్రలేదు."
కలం కాసేపు ఆగింది. తప్పు.
మందులతో పూర్తిగా నయమవుతుందా?
"కాకపోతే ఎట్లా?"
తప్పు.
రోగిని గదిలో ఒంటరిగా ఉంచి తాళం వేయొచ్చా?
ఆయన జవాబు చెప్పలేదు.
తలుపు లోపలివైపు, గడియ చుట్టూ
గోళ్ళతో గీకిన చెక్క తెల్లగా ఉంది.
నేను చూశాను. నేను చూడటం ఆయన చూశాడు.

రోగి పొరబడితే వెంటనే సరిదిద్దాలా?
"సరిదిద్దాలి. మీ డాక్టర్లు అనేది అదేగా.
నాకే ధైర్యం చాలదు."
రోజూ నాలుగింటికి ఆమె శాలువా కప్పుకుని
మెట్లమీద నిలబడుతుందట,
గొర్రెల ఉన్ని కత్తిరించడానికి పతగోనియా వెళ్ళిన నాన్న కోసం.
ఆమెకప్పుడు ఏడేళ్ళు. ఆయన అక్కడే పోయాడు.

"నాలుగు రోజులు వరసగా నిజం చెప్పాను.
నాలుగు రోజులూ ఆ మనిషి కొత్తగా చచ్చిపోయాడు.
అయిదోనాడు చెప్పాను, ఇప్పుడు ఆటు,
పడవ ఒడ్డుకి రాలేదు, పోటు రానీ అని.
బురద చూసింది, తలూపింది,
లోపలికొచ్చి దుంపలు చెక్కు తీసింది.
ఆటుపోట్లు ఇంకా మరిచిపోలేదు ఎడెల్మీరా."

ముప్పైకి తొమ్మిది.

అంతలో మూల కుర్చీలోంచి దగ్గు.
టీ గొంతుకడ్డం పడి మొహం ఎర్రబడింది.
"చలి," అన్నాడు.
చలి కాదు తాతా. మింగడం కూడా మరిచిపోతుంది గొంతు.
పొయ్యిమీది అరలో దుంపపిండి సీసా ఉంది.
చెంచాడు కలిపి కాచి చిక్కబరిచాను,
తల కాస్త ముందుకు వంచి
గుక్క గుక్కకీ ఆగి తాగించాను.
దగ్గు రాలేదు.
ఆయన ఖాళీ చెంచా కేసి చాలాసేపు చూశాడు.
"అయితే ఇన్నాళ్ళూ... నేనేనా?"

ఇప్పుడు ప్రశ్న ఆయనది, గళ్ళు నావి.
కింద పోటు మొదలైన చప్పుడు,
ఆయన గొంతులోనూ ఒక పోటు.
వినపడనట్టు కాగితాలు సర్దుకున్నాను.
పరీక్ష పెడితే ఆ పూట నాకెన్ని వచ్చేవో!

నాలుగయింది.
ఎడెల్మీరా శాలువా కప్పుకుంది. నా వైపు తిరిగి,
"నాన్నతోపాటు పడవలో వచ్చావా అమ్మా?"
స్తంభాలు సగం మునిగి, నేల కింద అలలు తడుతున్నాయి.
పోటు.
ఇక చెప్పడానికి సాకు లేదు.
నేను ఆయన కేసి చూశాను.
ఆయన టోపీ పెట్టుకున్నాడు.
"పోటున్న రోజు నేనూ ఎదురుచూస్తాను," అన్నాడు నాతో,
అదేదో వారం పనుల్లో ఒకటైనట్టు.

ముగ్గురం మెట్లమీద, వానలో.
పక్కింటి కిటికీలో తెర కదిలి ఆగింది.
ఎవరి పడవో దీపంతో వచ్చి, దాటిపోయింది.
చివరికి ఆమే ఆయన చెయ్యి పట్టుకుంది:
"తడిసిపోతున్నావు, లోపలికి పద.
ఆయనకి దారి తెలుసు."