మన్ను రుచి

మొదటి దినం ఓదెవ్వ
మా నాలుకల మీద తలా చిటికెడు మన్ను పెట్టింది.
"పండ్ల నడుమ కరకరమంటె ఇసుక,
అంగిట్ల అతుక్కుంటె బంక.
ఉమ్మేయున్రి, మింగేరు!"

పద్నాలుగేండ్లు హన్మకొండల
అపార్ట్‌మెంట్లకు స్లాబులు పోయించినోన్ని.
సిమెంటు రుచి ఎన్నడు చూసిన?

ధర్మసాగరం చెరువు పూడిక, మొరం,
జానెడేసి తరిగిన వరిగడ్డి.
బ్యాంకు మేనేజరు వినోదిని కుచ్చిళ్ళు బొడ్ల దోపింది,
డిగ్రీ పిలగాడు సాంబరాజు ఫోను చెట్టుకొమ్మకు తగిలించిండు.
గుంతల దిగినంక
ఎవల కాళ్ళు ఎవలివో.

సద్ది తినేటప్పుడు అడిగిన:
"అవ్వా, నీ ఇల్లు ఏ మన్నుతోటి?"
"రేకులిల్లు బిడ్డా"
అన్నది, మామిడి తొక్కు నాకుకుంట.
ఇంకెవలం ఏం అడగలే.

మూడోనాటికి నా గోడ రొమ్మెత్తు లేచింది.
గుండుతాడు ఒదిలి చూస్తె
బొటనేలంత పడమటికి ఒరిగింది.

ఇసొంటి ఒంకరనే ఒకసారి
ఐదో అంతస్తుల ప్లాస్టరు కింద దాచిన.
బిల్లు పాసైంది.
ఇప్పటికీ ఆ గల్లీల నుంచి బండి తోలను.

ఓదెవ్వ నా మొకం చూసింది, గోడను చూసింది.
మొద్దుతోటి ఒక్కటే దెబ్బ.
"తడి ఇంక ఆరలే.
నీళ్ళు జల్లు, మల్ల తొక్కు."

దిగిన.
పొద్దుగూకేదాక
నా గోడను నేనే తొక్కిన.
మడిమెల కింద అది మెల్లగ మెత్తబడ్డది,
ఏం జరగనట్టు.