మూడో ఆధారం

గురువారం సాయంత్రం నాలుగింటికి
సూర్ ఊరి లైబ్రరీ గుమ్మంలో చెప్పులిప్పబోతే
రహ్మా నవ్వింది. "మసీదు కాదు, రత్నం."
పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే అలవాటు నాది,
ఇన్ని పుస్తకాల మధ్య ఎలా నడవాలో తెలీలేదు.

పిల్లకి ఆరో తరగతి. బడిలో పనిచ్చారు:
మన ప్రాంతంలో ఇప్పుడున్న ఇబ్బంది ఒకటి పట్టుకోండి,
ఒక పుస్తకం చూడండి, ఒక పాత పేపరు చూడండి,
ఒక మనిషిని అడగండి.
రహ్మా నీళ్ళు ఎంచుకుంది.
నా పని బ్యాగు మొయ్యడం,
ఏడింటికల్లా ఇంటికి చేర్చడం.

లైబ్రరీ మేడం పేరు నస్రా.
చూపుడు వేలికి రబ్బరు తొడుగు, పేజీలు తిప్పడానికి.
ఏదడిగినా లేచొచ్చి అర దాకా తీసుకెళ్తుంది.
పేపర్లన్నీ నెలకొకటిగా కుట్టి ఉన్నాయి.
కుట్టు తడిమి చూశాను,
ధాన్యం బస్తా మూతి కుట్టినంత గట్టిగా ఉంది.

రహ్మా చదువుతూ నాకు చెబుతోంది, సగం అరబ్బీ, సగం చేతులు:
తాతల రోజుల్లో గాడిద మీద వచ్చేవట తీపినీళ్ళు.
ఇప్పుడు సముద్రాన్ని గొట్టాల్లోకి తోసి
ఉప్పొక పక్కకి, నీళ్ళొక పక్కకి.
మిగిలిన చిక్కటి ఉప్పునీళ్ళు మళ్ళీ సముద్రంలోకే.
"చేపలేమవుతాయో చూడాలి" అని
ఎర్ర పెన్నుతో కింద గీత గీసింది.

నేను అట్లాసు తిప్పుతున్నాను, బొమ్మలకి భాష అక్కర్లేదని.
గోదారి అందులో వెంట్రుకంత నీలం గీత.
అది సముద్రంలో కలిసే చోట మా ఊరుండాలి.
అచ్చేసినవాళ్ళు అక్కడ సిరాచుక్క ఖర్చు పెట్టలేదు.

ఆరున్నరకి రహ్మా పెన్ను మూత పళ్ళతో లాగి
"ఇక మనిషి మిగిలింది. నువ్వు చెప్పు" అంది.
మీ ఊరి సంగతి నాకేం తెలుసమ్మా?
"మీ ఊరిదే చెప్పు. నీళ్ళు అక్కడా ఉంటాయిగా."

ఉంటాయి.
మీరు ఉప్పులోంచి నీళ్ళు తీస్తున్నారు,
మేం నీళ్ళలోకి ఉప్పు తోడుకున్నాం.
వరి ఊడ్చిన చేలల్లో రొయ్యల చెరువులు తవ్వి
మోటార్లెట్టి, మొగలోంచి పోటునీళ్ళు పెట్టాం.
మా దొడ్లో నుయ్యి ముందు పప్పు ఉడకనివ్వలేదు,
తర్వాత సబ్బు నురగనివ్వలేదు,
ఆ తర్వాత దూడ మూతి పెట్టి వెనక్కి తీసుకుంది.
ఇప్పుడు తాగే నీళ్ళు ఆటోలో వస్తాయి, డబ్బా ఇరవై.

"ఎవరు తవ్వారు?"

నస్రా మేడం పేపరు మడవడం ఆపింది.
అబద్ధం ఆడొచ్చు.
అరబ్బీలో అందుకు సరిపడా మాటలు నాకొచ్చు,
నిజానికే వెతుక్కోవాలి.
మా తమ్ముడు తవ్వాడు, అన్నాను. మా ఎకరం ముప్పావు.
లీజు కాగితం మీద నాదీ సంతకం ఉంది.
ఆ డబ్బే ఏజెంటుకి కట్టి మీ ఇంటికొచ్చాను.

రహ్మా కాసేపు రాయలేదు. తర్వాత రాసింది.
"ఉప్పెంత? లీటరుకి?"
పప్పు ఉడకనంత.
"అది అంకె కాదు" అంది నస్రా మేడం.
కాస్త ఆగి పిల్లతో అంది,
"అయినా కొట్టెయ్యకు."

ఆఖరి పేజీలో ఆధారాలు, కుడి నుంచి ఎడమకి:
ఒకటి, పుస్తకం.
రెండు, పేపరు, తేదీతో సహా.
మూడు, నూకరత్నం.
నా పేరు పాస్‌పోర్టులో ఉంది, వీసాలో ఉంది,
జీతం ముట్టిందన్న రసీదుల్లో ఉంది.
దాని పక్కన "చెప్పినది" అని ఉండటం ఇదే మొదలు.

రాత్రి అంట్లు తోమి తమ్ముడికి ఫోన్ చేశాను.
డబ్బు మాటేమో అనుకుని గొంతు సవరించుకున్నాడు.
పంచాయతీ ఆఫీసుకెళ్ళరా, అన్నాను.
మన వీధి నీళ్ళు పరీక్ష చేసిన కాగితం ఉంటుంది.
లీటరుకి ఉప్పెంతో అంకె కావాలి.
"నీకెందుకక్కా ఇప్పుడది?"
ఇక్కడో పిల్ల అడిగింది.

వాడేం మాట్లాడలేదు.
వాడి వెనకాల, చీకట్లో,
చెరువులో చక్రాలు తిరుగుతున్న చప్పుడు.