ఆరు నుంచి తొమ్మిది

కాశీబుగ్గలో జీడి బట్టీలు
తెల్లారకముందే అంటుకుంటాయి.
మా సెంటరు తొమ్మిదికి తెరుచుకుంటుంది,
ఉత్తర్వులో అలానే ఉంది.
మధ్యలో మూడు గంటలు.
వాటికి నా ఫారంలో గడి లేదు.

మిగతా గడులకు లోటు లేదు:
పిల్లల సంఖ్య, ఆడ మగ వేరువేరుగా,
బరువు, ఎత్తు, జబ్బ చుట్టుకొలత,
వచ్చిన గుడ్లు, పగిలిన గుడ్లు,
తల్లి వార్షికాదాయం.
"కిలోకింతని ఇత్తారమ్మా,
గుండుకొక రేటు, బద్దకొక రేటు.
ఏడాదికెంతంటే నానేటి సెప్పేది?"
అంది కణితి తవిటమ్మ.
నేను గుణించాను.
గింజ రాని వానాకాలం నెలలు తీసేశాను,
జ్వరం రోజులు తీసేశాను.
వచ్చిన అంకె చదివితే
"అంతొత్తందేటి నాకు!" అని నవ్వి
పక్కామెకి కూడా చెప్పింది.

మిషను మీద వేలు పెట్టమన్నాను.
పెట్టింది. చెంగుకి తుడిచి పెట్టింది.
కొబ్బరినూనె రాసి పెట్టింది.
జీడి సొన గీతలన్నీ తినేసిన వేళ్ళు,
నల్లగా, నున్నగా,
ఊరూ పేరూ చెప్పని వేళ్ళు.
మిషను మూడుసార్లు ఎర్రగా చూసింది.

సరే, ముఖం ఫోటో తీద్దామంటే
చంకలో వాడూ పడుతున్నాడు.
ఒక్క ముఖమే ఉండాలంటుంది ఫోను.
నేనే ఎత్తుకున్నాను.
పద్నాలుగు నెలలు, ఏడు కిలోల తొమ్మిది వందలు,
చార్టులో పసుపుపచ్చ మీద పడతాడు.
నా వాచీ బెల్టు కొరికాడు.
మా పాప ఈ వయసులో
పక్కింటి రాజేశ్వరిగారి దగ్గర ఉండేది.
ఆవిడకి నేను నెలకి ఎంత ఇచ్చానో
ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.
ఇచ్చానా అసలు?

నవంబరులో ఒకరోజు
చెప్పకుండా ఆరింటికి వెళ్ళాను.
తాళం లేదు.
లోపల గవరమ్మ గంజి కలుపుతోంది,
చాప మీద పదకొండుమంది,
నిద్రలో ఒకడి కాలు ఇంకొకడి మెడ మీద.
"ఏటి సేతునమ్మా, గుమ్మంకాడ ఒగ్గేసి ఎలిపోతన్నారు.
కుక్కలున్నాయి."
రెండు నెలల జీతం సంగతి ఆమె ఎత్తలేదు.
బిల్లు పెట్టేది నేనే కదా, నాకు తెలుసు.

నిబంధన ప్రకారం మెమో ఇవ్వాలి:
అనుమతి లేని వేళల్లో కేంద్రం తెరచుట,
గ్యాసు అదనపు వాడకం.
సగం రాశాను కూడా.
కాగితం తిప్పి, వెనకవైపు,
ఒక పూట ఆయా, రెండు లీటర్ల పాలు,
నెలకొక సిలిండరు, దోమతెరలు నాలుగు
అని కూడిక వేశాను.
బస్టాండు టీకొట్టులో దాన్నే
ప్రతిపాదనగా శుభ్రంగా తిరగరాశాను.

మీటింగులో సారు కళ్ళజోడు పైకి నెట్టి
"ఇది ఏ పద్దు కింద?" అన్నారు.
ఆహారం కాదు, గంజి మన మెనూలో లేదు.
విద్య కాదు, నిద్రపోయే పిల్లకి ఏం విద్య?
ఆయన చెడ్డవాడు కాదు.
వెతికారు. పుస్తకం మొత్తం వెతికారు.
మూసి, సంతకం పెట్టి,
"పైకి పంపిద్దాం, చూద్దాం" అన్నారు.

శ్రీకాకుళం నుంచి ఫైలు తిరిగొచ్చింది.
ఉదయం ఆరు గంటలకు పిల్లలు ఉన్నారనుటకు
ఆధారము జతపరచవలెను.

మర్నాడే వెళ్ళి
గుమ్మం ముందు చెప్పులు ఫోటో తీశాను.
అగ్గిపెట్టంత చెప్పులు,
కుడిది ఎడమా, ఎడమది కుడీ,
ఒకటి ఒంటిదే.
పిల్లల్ని తీయలేదు, లేస్తారని.
కింద టైము పడింది: ఆరూ అయిదు.

సంక్షిప్తంగా వచ్చింది జవాబు:
ఫోటో అస్పష్టం. వెలుతురులో తీసి పంపవలెను.

నిన్న సాయంత్రం
మెయిన్ రోడ్డులో ఒక బల్బు కొన్నాను, పెద్దది.
రసీదు పర్సులో ఉంది.
ఏ పద్దు కింద రాయాలో
సారుని అడగాలి.