ఆవాజ్ బంద్ బిళ్ళ

పుత్లీబౌలిల మా దుకాణం ఆరడుగుల వెడల్పు.
సీటు కవర్లు, అద్దానికి వేలాడే మల్లెపూల సెంటు,
వెనక చూపించే కెమెరాలు, స్టీరింగు తొడుగులు.
గల్లాపెట్టె పక్కన బిస్కెట్ డబ్బాల
ఆవాజ్ బంద్ బిళ్ళలు.
ఆ పేరు మా మొయిన్ పెట్టిండు.
చేసినోడు పేరు పెట్టలే,
పెట్టుకునే మొహం ఉండాలె గద.

బెల్టు నాలుక దూరాల్సిన సందుల
ఈ ఇనుప నాలుక దూర్చాలె.
టిక్.
కారు నమ్ముతది.
మనిషి కట్టుకున్నడు, పాణం పదిలం అనుకుంటది.
నూట యాభై. బేరమాడితే నూట ఇరవై.

పదిహేను లక్షల బండి తెచ్చి దుకాణం ముందర ఆపుతరు.
ఆరు గాలిసంచులున్నయంటరు,
అయిదు నక్షత్రాలంటరు,
గీత దాటితే స్టీరింగు వణికి చెప్తదంటరు.
(బేగంబజార్ల గీత ఏడుందో
ముందు దానికెవరన్న చూపియ్యాలె.)
బర్రె అడ్డమొస్తే తనంత తానె బ్రేకేస్తదట.
అన్నీ చెప్పి, ఆఖర్ల గొంతు తగ్గించి,
"గా టింగ్ టింగ్ బంద్ చేసేది ఉన్నదా?"

వైకుంఠం సార్ గూడ గట్లనే వచ్చిండు.
ఇన్సూరెన్స్ ఆఫీసుల నౌకరి, మలక్‌పేట.
"ఈ ట్రాఫిక్‌ల ముప్పై దాటదు, బెల్టెందుకయ్యా,
పొట్ట మీద ఒరుస్తది" అన్నడు.
"పక్క సీట్ల టమాటల సంచి పెట్టినా అరుస్తది,
మనిషనుకుంటది పిచ్చిది."
రెండు కొన్నడు.
ఒకటి ఆయనకు, ఒకటి టమాటలకు.
నవ్విన. రెండిటికి కలిపి రెండొందలు తీసుకున్న.

మొన్న వానలు తగ్గినంక
ఖలీల్ భాయ్ ఫోన్ చేసిండు,
ఔటర్ మీదికెళ్లి ఒక తెల్ల బండి వచ్చింది,
వెనక లైట్లు, తలుపులు మంచిగున్నయి, వచ్చి చూసుకో అని.
పోయిన.
ముందు భాగం నలిపేసిన కాయితం.
స్టీరింగు నుంచి వేలాడుతున్న గాలిసంచి
ఉతకని తలగడ గలీబు లెక్క.
సీట్ల మీద తెల్ల పొడి.
దీపావళి తెల్లారి గల్లీల వచ్చే వాసన.

బెల్టు మాత్రం కొత్తది.
ఫ్యాక్టరీల చుట్టినట్టే
చుట్టుకొని పండుకుంది.
మడత గూడ పోలే.

ఆపేది బెల్టు, పట్టేది సంచి.
ఇద్దరు కలిసి చేసే పని అది.
ఒక్కటే ఎదురొస్తే
తలగడ గూడ గుద్దే.
ఇరవై రెండేండ్ల నుంచి గీ ధందా చేస్తున్న,
నాకు తెల్వదా?
తెలుసు.

రెండు సందులల్ల రెండు బిళ్ళలు.

తెల్ల బండ్లు షహర్ల లక్షలున్నయి.
బిళ్ళలమ్మే దుకాణాలు మా గల్లీలనే పదకొండు.
"ఎవరిదంటే..." అని ఖలీల్ భాయ్ మొదలువెట్టిండు.
రేటు మాట్లాడు భాయ్ అన్న.

మీటర్ పని చేస్తది చూడమని
బయటి బ్యాటరీ తగిలించి తాళం తిప్పిండు.
నేను పక్క సీటు మీద మోకాలు పెట్టి, వంగి,
ఎర్ర బటన్ నొక్కిన.
బిళ్ళ అరచేతిల పడ్డది.

టింగ్.
టింగ్.
ముక్కు పగిలి, కండ్లు పోయి,
ఇంక అడుగుతనే ఉన్నది.
నా మోకాలిని మనిషనుకొని
కట్టుకో, కట్టుకో అంటున్నది.
ఖలీల్ భాయ్ తాళం తీసేదాంక
నేను మోకాలు ఎత్తలే.

లైట్లు కొనలే. ఉత్త చేతులతోని వచ్చిన.
ఉత్త చేతులు కాదు, జేబుల బిళ్ళ ఉన్నది.

ఇయ్యాల పొద్దుగాల ఒక పిల్లగాడు,
కొత్త కారు, నిమ్మకాయలు ఇంక టైర్ల కిందనే ఉన్నయి,
గదే అడిగిండు.
స్టాక్ లేదన్న.
మొయిన్ బిస్కెట్ డబ్బా దిక్కు చూసిండు,
నా దిక్కు చూసిండు,
ఏమనకుండ సీటు కవర్లు మడతవెట్టిండు.

పిల్లగాడు రోడ్డు దాటి
ఎదురు దుకాణంకు పోయిండు.
ఆటోల మోత, బస్సు హారన్, చాయ్ గ్లాసుల చప్పుడు.
గంత లొల్లిల గూడ
నాకు ఇనపడ్డది.
టిక్.